నెట్‌వర్కులు కాదన్న గేమ్ షోలు

ఒక టెలివిజన్ నెట్‌వర్క్ పరిశీలించి వద్దనుకున్నాక వేరేచోట ప్రజాదరణ పొందిన పోటీ కార్యక్రమాలు ఈ వ్యాసానికి విషయం. ఆ వేరేచోటు మరో నెట్‌వర్క్ కావచ్చు, మరో దేశం కావచ్చు, అదే నెట్‌వర్క్‌లో కొత్త అధికారి హయాం కూడా కావచ్చు. ఉదాహరణల్లో ఎక్కువ భాగం అమెరికా, బ్రిటన్‌లవి. ఆ రెండు దేశాల్లో పోటీ నెట్‌వర్కులు చాలాకాలంగా ఒకటికంటే ఎక్కువ ఉండటంతో, ఒకరు కాదన్నది ఇంకొకరి గుమ్మం దాకా వెళ్లే వీలుంది. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో భారతదేశంలో అలాంటి వీలు లేదు.

## పరిధి

తిరస్కరణ మూడు దశల్లో జరుగుతుంది. మొదటిది కాగితం మీద: నిర్మాత రెండు మూడు పేజీల ప్రతిపాదన ఇస్తాడు, అది చదివి పక్కన పెడతారు. రెండోది పైలట్ దశ: నెట్‌వర్క్ డబ్బు పెట్టి నమూనా ఎపిసోడ్ తీయించి, చూసుకుని వద్దంటుంది. మూడోది ప్రసారం మొదలయ్యాక: కొన్నాళ్లు నడిపి, రేటింగులు తగ్గాయనో, చూసేవాళ్లలో వృద్ధులే ఎక్కువనో ఆపేస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే మూడోది రద్దే తప్ప తిరస్కరణ కాదు. అయినా ఆగిపోయిన ఆట వేరేచోట తిరిగి లేచినప్పుడు దాని కథ మొదటి రెండింటి కథలాగే నడుస్తుంది కాబట్టి దాన్నీ ఇక్కడ చేర్చడం సబబు.

## నేపథ్యం: క్విజ్ కుంభకోణం

గేమ్ షోల పట్ల అమెరికా నెట్‌వర్కుల భయానికి మూలం 1950లలో ఉంది. 1955 జూన్‌లో సీబీఎస్‌లో మొదలైన ‘ది 64,000 డాలర్ క్వశ్చన్’ పెద్ద బహుమతుల క్విజ్‌లకు దారి తీసింది. మరుసటి ఏడాది ఎన్‌బీసీలో ‘ట్వంటీ-వన్’ వచ్చింది. అందులో పోటీదారులకు జవాబులు ముందే అందేవని, ఎవరు ఎప్పుడు గెలవాలో, ఎవరు ఎప్పుడు ఓడాలో నిర్మాతలే నిర్ణయించేవారని తర్వాత బయటపడింది. దేశమంతా అభిమానించిన విజేత చార్లెస్ వాన్ డోరెన్ 1959 నవంబర్‌లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు నిజం ఒప్పుకున్నాడు. క్విజ్ ఫలితాన్ని ముందే కుదుర్చుకోవడాన్ని నేరంగా పరిగణిస్తూ 1960లో చట్టాన్ని సవరించారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, జవాబులు తెలిసిన మనిషికి డబ్బిచ్చే ఆట అంటే నెట్‌వర్కులు వెనకడుగు వేశాయి. పెద్ద బహుమతులు పోయి చిన్న బహుమతులు వచ్చాయి. పోటీదారుడి మొత్తం గెలుపుకు సీబీఎస్ 25,000 డాలర్ల పరిమితి పెట్టి 1980ల మధ్య దాకా కొనసాగించింది. బ్రిటన్‌లో వాణిజ్య టెలివిజన్‌ను నియంత్రించే సంస్థ కూడా బహుమతుల విలువకు హద్దు విధించింది. 1990లలో గానీ ఆ హద్దు తొలగలేదు.

‘జెపర్డీ!’ పుట్టింది ఈ భయంలోంచే. క్విజ్ చేయాలని ఉన్నా ఎవరూ నమ్మడం లేదని నిర్మాత మెర్వ్ గ్రిఫిన్ అన్నప్పుడు, జవాబులు ముందే ఇచ్చేసి ప్రశ్నలు అడగమంటే సరిపోతుంది కదా అని ఆయన భార్య జూలాన్ సూచించింది. ఉదాహరణకు 5,280 అని జవాబు చెప్పింది. మైలుకు ఎన్ని అడుగులు అన్నది దానికి ప్రశ్న. 1964 మార్చి 30న ఎన్‌బీసీలో ఆ ఆట మొదలైంది. జవాబులు ముందే ఇచ్చారన్న నిందే అక్కడ ఆటకు నియమమైంది.

## ‘క్యాష్ మౌంటెన్’

ఈ అంశంలో అన్నిటికంటే విస్తృతంగా నమోదైన ఉదాహరణ ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్?’. దీని రూపకర్తలు డేవిడ్ బ్రిగ్స్, మైక్ వైట్‌హిల్, స్టీవెన్ నైట్ అనే ముగ్గురు రచయితలు. లండన్‌లోని క్యాపిటల్ రేడియోలో క్రిస్ టారెంట్ ఉదయపు కార్యక్రమానికి ఫోన్ పోటీలు తయారుచేసిన అనుభవం వీరికి పనికొచ్చింది. శ్రోత ఒక ప్రశ్నకు జవాబు చెప్పి కొంత గెలుస్తాడు. అంతటితో ఆగాలా, రెట్టింపు కోసం గెలిచింది పణంగా పెట్టాలా అన్న సందిగ్ధంలో పడతాడు. ఆ సందిగ్ధాన్ని 10 లక్షల పౌండ్ల దాకా సాగదీస్తే ఏమవుతుందన్నది వారి ఆలోచన. 1995లో ‘క్యాష్ మౌంటెన్’ పేరుతో ప్రతిపాదన సిద్ధమైంది. సెలడార్ సంస్థ అధిపతి పాల్ స్మిత్ దాన్ని బ్రిటన్ వాణిజ్య నెట్‌వర్క్ ఐటీవీకి తీసుకెళ్లాడు.

అప్పటి ఐటీవీ నెట్‌వర్క్ డైరెక్టర్ మార్కస్ ప్లాంటిన్ హయాంలో అది ముందుకు కదల్లేదు. బ్రిటిష్ టెలివిజన్‌లో 10 లక్షల పౌండ్ల నగదు బహుమతి అంతకుముందు లేదు. పైగా ఈ ఆటలో ఒక్కొక్కరికి దక్కే గరిష్ఠ బహుమతికి హద్దుంది గానీ, ఒక సీజన్‌లో ఎంతమంది అక్కడిదాకా వెళ్తారో చెప్పడం కష్టం. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు స్మిత్ దగ్గర జవాబుంది: పాల్గొనదలచినవారు ఎక్కువ ఛార్జీ పడే నంబరుకు ఫోన్ చేస్తారు, ఆ ఆదాయమే బహుమతి నిధి. కానీ అన్ని లక్షల కాల్స్ వస్తాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ సంవత్సరాల సమాచారంతో చూస్తే ఐటీవీ సందేహం అసమంజసం కాదు. ఈ కథను మళ్లీ చెప్పేవారు కాదన్న అధికారిని దూరదృష్టి లేనివాడిగా చూపుతుంటారు. అది న్యాయం కాదు.

1997లో డేవిడ్ లిడిమెంట్ ఐటీవీ కార్యక్రమాల డైరెక్టర్ అయ్యాడు. వినోద విభాగం అధికారిణి క్లాడియా రోజెన్‌క్రాంట్జ్ అప్పటికే ఈ ప్రతిపాదన పక్షాన ఉంది. లిడిమెంట్‌తో సమావేశంలో స్మిత్ కాగితం చదివి వినిపించలేదు. ఆట ఆడించాడు. డబ్బు పెట్టిన కవర్లు బల్ల మీద పేర్చి, ప్రశ్నలు వేసి, గెలిచింది తీసుకుని లేచిపోతారా, ఇంకొక ప్రశ్న చూస్తారా అని అడిగాడు. పణం నిజమైన నోట్లే. ప్రతిపాదనలో చదివితే అంతుపట్టని విషయం అప్పుడు లిడిమెంట్‌కు సొంత అనుభవమైంది. ఈ ఆటలో మనిషిని పట్టి ఉంచేది ప్రశ్న కష్టం కాదు, చేతికి వచ్చిన డబ్బును వదులుకునే భయం. నియమాల్లోని ఒక చిన్న మెలిక ఈ భయాన్ని పెంచుతుంది: తర్వాతి ప్రశ్నను చూశాకే ఆగాలో ఆడాలో తేల్చుకోవచ్చు. నాలుగు ఐచ్ఛికాలూ తెర మీద కనిపిస్తుంటాయి కాబట్టి ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా ‘బీ’ అనో ‘సీ’ అనో తేల్చి చెప్పేస్తుంటారు.

అనుమతి వచ్చాకా మార్పులు ఆగలేదు. కోల్ పోర్టర్ 1956లో ‘హై సొసైటీ’ సినిమాకు రాసిన పాట పల్లవి కార్యక్రమానికి కొత్త పేరైంది. పైలట్ కోసం పీట్ వాటర్‌మన్ చేసిన సంగీతాన్ని పక్కన పెట్టి, కీత్ స్ట్రాచన్, మాథ్యూ స్ట్రాచన్‌లతో కొత్తగా చేయించారు. ప్రశ్న ప్రశ్నకూ ఉత్కంఠ పెంచే ఆ సంగీతం, పోటీదారుడి మీదికి దిగివచ్చే దీపాలు, ఆండీ వాల్మ్‌స్లీ రూపొందించిన గుండ్రటి వేదిక ఆ తర్వాత దాదాపు ప్రతి దేశంలోనూ యథాతథంగా వాడారు. 1998 సెప్టెంబర్ 4న ప్రసారం మొదలైంది. వారానికోసారి కాకుండా వరుసగా 10 రాత్రులు వేయడం అప్పటికి కొత్త పద్ధతి. ఒక పోటీదారుడి ఆట సగంలో ఉండగా ఎపిసోడ్ ముగిస్తే, మర్నాడు చూడక తప్పని పరిస్థితి ఏర్పడేది. 1999 మార్చిలో ఒక ఎపిసోడ్‌ను 1 కోటి 92 లక్షల మంది చూశారు. మూడేళ్లు గుమ్మంలో నిలబడిన ఆట ఆ తర్వాత 100కు పైగా దేశాలకు వెళ్లింది.

అమెరికాలో ఏబీసీ దీన్ని 1999 ఆగస్టు 16న ప్రారంభించింది. ఏబీసీ అధికారి మైఖేల్ డేవీస్ ఈ ఆట మీద నమ్మకంతో ఉద్యోగం వదిలి తానే నిర్మాతగా మారాడు. వ్యాఖ్యాత రీజిస్ ఫిల్బిన్. విజయం ఎంత పెద్దదంటే ఏబీసీ దాన్ని వారంలో నాలుగైదు రాత్రులు వేయసాగింది. ఆ అతి వాడకంతోనే ప్రేక్షకులు విసిగి, 2002 నాటికి ప్రైమ్ టైమ్ ప్రసారం ముగిసింది.

## ఒకరి పైలట్, మరొకరి కార్యక్రమం

నెట్‌వర్క్ ఖర్చు పెట్టి తీయించిన పైలట్‌ను తానే వదులుకుంటే, నిర్మాత దాన్నే పట్టుకుని పోటీ నెట్‌వర్క్‌కు వెళ్తాడు. ‘హాలీవుడ్ స్క్వేర్స్’ దీనికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ. తొమ్మిది గళ్లలో తొమ్మిది మంది తారలు కూర్చుంటారు. వారు చెప్పిన జవాబు నిజమో కాదో పోటీదారులు తేల్చాలి. 1965లో సీబీఎస్ కోసం బర్ట్ పార్క్స్ వ్యాఖ్యాతగా పైలట్ తీశారు. సీబీఎస్ తీసుకోలేదు. ఎన్‌బీసీ తీసుకుని, పీటర్ మార్షల్‌ను వ్యాఖ్యాతగా పెట్టి 1966 అక్టోబర్ 17న మొదలుపెట్టింది. అది 1980 దాకా నడిచింది.

‘డీల్ ఆర్ నో డీల్’ నెదర్లాండ్స్‌లో ఎండెమోల్ సంస్థ రూపొందించిన ఆట. మూసిన పెట్టెల్లో వేర్వేరు మొత్తాలుంటాయి. పోటీదారుడు ఒక పెట్టె తన దగ్గర ఉంచుకుని మిగిలినవి తెరుస్తూ పోతాడు, మధ్యమధ్య ‘బ్యాంకర్’ బేరం పెడతాడు. ప్రశ్నలుండవు, నైపుణ్యం అక్కర్లేదు. కాగితం మీద ఇంతకంటే పలచని ఆట ఉండదు. అమెరికాలో ఏబీసీ 2004లో ప్యాట్రిక్ కీల్టీ వ్యాఖ్యాతగా పైలట్లు తీయించి వదిలేసింది. ఎన్‌బీసీ 2005 డిసెంబర్ 19న హాస్యనటుడు హౌయీ మాండెల్‌తో మొదలుపెట్టింది. మాండెల్ కూడా మొదట ఈ పని వద్దన్నవాడే. 26 పెట్టెలు పట్టుకున్న 26 మంది మోడళ్లు, పోటీదారుడి కుటుంబం వేదిక పక్కనే కూర్చుని అరవడం ఎన్‌బీసీ రూపంలో ముఖ్య ఆకర్షణలయ్యాయి. పెద్ద మొత్తాలన్నీ పోయాక చిన్న బేరానికి ఒప్పుకోవాలా వద్దా అని భార్యాభర్తలు అందరి ముందూ వాదించుకునే దృశ్యం ఈ ఆటకు ప్రాణం. భారతదేశంలో ఇది సోనీలో ‘డీల్ యా నో డీల్’గా మాధవన్ వ్యాఖ్యాతగా వచ్చింది.

‘ది చేజ్’ బ్రిటన్‌లో 2009 జూన్ 29న ఐటీవీలో మొదలై సాయంత్రాల్లో స్థిరపడింది. అమెరికాలో ఫాక్స్ 2012లో పైలట్ తీయించి వదులుకుంది. 2013లో గేమ్ షోలకే ప్రత్యేకమైన జీఎస్‌ఎన్ ఛానల్ దాన్ని తీసుకుంది. 2021లో ఏబీసీ మళ్లీ తెచ్చింది.

## టాస్క్‌మాస్టర్: కాదన్న ఛానలే కొనుక్కున్న ఆట

అలెక్స్ హార్న్ 2010లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో తోటి హాస్యనటులకు విచిత్రమైన పనులు అప్పగించి, ఎవరు ఎలా చేశారో వేదిక మీద చూపించాడు. దీన్ని టెలివిజన్ రూపంలో ఛానల్ 4కు ప్రతిపాదించినా అది తీసుకోలేదు. డేవ్ అనే చిన్న ఛానల్ 2015 జూలైలో ప్రసారం చేసింది. గ్రెగ్ డేవీస్ తీర్పరిగా, హార్న్ సహాయకుడిగా తొమ్మిది సీజన్లు అక్కడే నడిచాయి. 2020లో కార్యక్రమానికి బాఫ్టా పురస్కారం వచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి అదే ఛానల్ 4 పదో సీజన్‌తో దాన్ని తన తెర మీదికి తెచ్చుకుంది. చిన్న ఛానల్ తక్కువ అంచనాలతో ఆటకు ఊపిరి తీసుకునే సమయం ఇచ్చింది. మొదటి వారమే పెద్ద రేటింగులు రావాల్సిన చోట అది నిలబడేదా అన్నది సందేహమే.

## ఆపేసిన ఆటలు, స్థానిక స్టేషన్లు

ఎన్‌బీసీ ‘జెపర్డీ!’ని 1975 జనవరి 3న ఆపేసింది. మూడు రోజుల తర్వాత, జనవరి 6న, అదే గ్రిఫిన్ రూపొందించిన ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ అదే నెట్‌వర్క్‌లో మొదలైంది. ఇదీ సాఫీగా రాలేదు. 1973లో ‘షాపర్స్ బజార్’ పేరుతో తీసిన తొలి పైలట్ నచ్చక, పేరూ రూపమూ మార్చి మరుసటి ఏడాది మళ్లీ తీయాల్సి వచ్చింది. 1981లో వ్యాఖ్యాతగా పాట్ సేజాక్‌ను తీసుకుంటానని గ్రిఫిన్ అడిగితే, ఎన్‌బీసీ అధ్యక్షుడు ఫ్రెడ్ సిల్వర్‌మన్ అతను స్థానిక స్థాయి మనిషి అని ఒప్పుకోలేదు. గ్రిఫిన్ చిత్రీకరణే ఆపేశాడు. సిల్వర్‌మన్ పదవి వదిలాకే సేజాక్ వచ్చాడు. ఆ తర్వాత సాయంత్రపు ప్రసారంలో 2024 దాకా ఆయనే వ్యాఖ్యాత.

ఈ రెండు ఆటల అసలు ఎదుగుదల నెట్‌వర్కుల బయట జరిగింది. అమెరికాలో స్థానిక స్టేషన్లు నెట్‌వర్క్ కార్యక్రమాలతో పాటు బయటి సంస్థల నుంచి కూడా కార్యక్రమాలు కొనుక్కుంటాయి. ఈ పద్ధతి పేరు సిండికేషన్. 1971లో అమలైన ఒక నిబంధన పెద్ద నగరాల్లో సాయంత్రం ప్రైమ్ టైమ్‌లో కొంత సమయాన్ని నెట్‌వర్కుల చేతిలోంచి తీసి స్టేషన్లకు అప్పగించింది. ఆ ఖాళీని నింపడానికి తక్కువ ఖర్చుతో రోజూ తీయగల గేమ్ షోలు సరిగ్గా సరిపోయాయి. కింగ్ వరల్డ్ సంస్థ 1983 సెప్టెంబర్‌లో ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ను స్టేషన్లకు అమ్మబోతే మొదట దొరికినవి 50 దాకానే. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగోలలో ఒక్క స్టేషన్ కూడా తీసుకోలేదు. ఏడాది తిరిగేసరికి సిండికేషన్‌లో అది అగ్రస్థానంలో ఉంది. 1984 సెప్టెంబర్‌లో అలెక్స్ ట్రెబెక్‌తో తిరిగొచ్చిన ‘జెపర్డీ!’ని కొన్ని స్టేషన్లు అర్ధరాత్రి దాటాక వేశాయి. అదీ నిలదొక్కుకుంది. 1986లో గ్రిఫిన్ తన సంస్థను కోకాకోలాకు 25 కోట్ల డాలర్లకు అమ్మాడు. ఆ విలువలో పెద్ద వాటా ఈ రెండు ఆటలదే.

ఎన్‌బీసీయే 1969లో ఆపిన ‘మ్యాచ్ గేమ్’ను సీబీఎస్ 1973లో కొంటె ప్రశ్నలతో, ఆరుగురు తారలతో తిరిగి తెస్తే అది పగటి కార్యక్రమాల్లో అగ్రస్థానానికి చేరింది. ఎన్‌బీసీలో 1973లో ముగిసిన ‘సేల్ ఆఫ్ ది సెంచురీ’ని రెగ్ గ్రండీ ఆస్ట్రేలియాకు పట్టుకెళ్లి, 1980 నుంచి నైన్ నెట్‌వర్క్‌లో ఘనంగా నడిపాడు. 1983లో ఎన్‌బీసీ ఆ ఆస్ట్రేలియా రూపాన్నే మళ్లీ తీసుకుంది.

## నిర్ణయం జరిగే తీరు

గేమ్ షోను కాగితం మీద అంచనా వేయడం కథా ధారావాహికను అంచనా వేయడం కంటే కష్టం. ధారావాహికలో పాత్రలు, సంఘటనలు చదివితే తెలుస్తాయి. ఆటలో రాసి ఉండేవి నియమాలే. అసలు నాటకం ఎవరో ఒక మామూలు మనిషి ఆ నియమాల మధ్య కూర్చున్నాకే మొదలవుతుంది. స్మిత్ కవర్ల ప్రదర్శన పనిచేసింది అందుకే.

నెట్‌వర్క్ అధికారి మీద మరో ఒత్తిడి కూడా ఉంటుంది. తీసుకున్న కార్యక్రమం విఫలమైతే ఆ నష్టం ఆయన ఖాతాలో పడుతుంది. తీసుకోనిది వేరేచోట గెలిస్తే ఆ లెక్క ఎక్కడా రాయరు. కాబట్టి నష్టభయాన్ని తగ్గించే ఏర్పాటు వెంట తెచ్చిన నిర్మాతకు తలుపు తెరుచుకునే అవకాశం ఎక్కువ. సెలడార్‌కు ఆ ఏర్పాటు ఫోన్ కాల్స్. ‘సర్వైవర్’ విషయంలో మార్క్ బర్నెట్‌కు అది ప్రకటనకర్తలు. బ్రిటన్‌కు చెందిన చార్లీ పార్సన్స్ ఆలోచన అయిన ఈ పోటీ ముందుగా 1997లో స్వీడన్‌లో ‘ఎక్స్‌పెడిషన్ రాబిన్సన్’గా ప్రసారమైంది. అమెరికా హక్కులు తీసుకున్న బర్నెట్‌ను పలు నెట్‌వర్కులు వెనక్కి పంపాయి. ప్రాయోజకులను తానే ముందుగా తెస్తానని, ప్రకటనల ఆదాయం పంచుకుందామని చెప్పి సీబీఎస్‌ను ఒప్పించాడు. 2000 ఆగస్టులో తొలి సీజన్ చివరి ఎపిసోడ్‌ను 5 కోట్లకు పైగా ప్రేక్షకులు చూశారు.

విదేశంలో నిరూపణ మరో రకమైన భరోసా. 1990ల చివరి నుంచి ఫార్మాట్ వ్యాపారం, అంటే ఒక ఆట రూపాన్ని ఇతర దేశాల ఛానళ్లకు అమ్మడం, పెరగడానికి ఇదే కారణం: కొనే ఛానల్‌కు ఆటతో పాటు పక్క దేశపు రేటింగులు, వేదిక నమూనా, ప్రశ్నల తయారీ నుంచి దీపాల అమరిక దాకా అన్నీ వివరించే పుస్తకం కూడా దొరుకుతాయి.

తిరస్కరణకు గురైన ఆటల్లో అత్యధికం మరెక్కడా కనిపించకుండా పోయాయి. గెలిచినవాటి చరిత్ర మాత్రమే రాస్తారు కాబట్టి నెట్‌వర్కుల తీర్పు ఎప్పుడూ తప్పే అనిపిస్తుంది. గెలిచిన ఆటలు కూడా తిరస్కరించిన రూపంలోనే గెలవలేదు. ‘షాపర్స్ బజార్’ అలాగే ప్రసారమై ఉంటే ఎవరికీ గుర్తుండకపోవచ్చు.

## భారతదేశం, తెలుగు ప్రసారాలు

స్టార్ ప్లస్ 2000 జూలై 3న ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్?’ హిందీ రూపమైన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ని అమితాబ్ బచ్చన్ వ్యాఖ్యాతగా, సిద్ధార్థ బసు నిర్మాణ సారథ్యంలో ప్రారంభించింది. మొదట లక్ష రూపాయల బహుమతి అనుకున్నారు. స్టార్ యజమాని రూపర్ట్ మర్డోక్ జోక్యంతో అది కోటి అయిందని అప్పటి స్టార్ ప్లస్ కార్యక్రమాల అధికారి సమీర్ నాయర్ చెప్పారు. అదే రోజు మొదలైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’తో కలిసి ఇది స్టార్ ప్లస్‌ను హిందీ ఛానళ్లలో ముందు వరసకు తెచ్చింది. పోటీగా జీ తెచ్చిన ‘సవాల్ దస్ కరోడ్ కా’లో బహుమతి పది రెట్లు. అయినా అది నిలవలేదు.

2007లో షారుఖ్ ఖాన్‌తో మూడో సీజన్ తర్వాత స్టార్ ప్లస్ ఈ ఆటను కొనసాగించలేదు. 2010లో సోనీ దాన్ని బచ్చన్‌తోనే తిరిగి తెచ్చింది. పోటీదారులను ఎక్కువగా చిన్న పట్టణాల నుంచి, మధ్యతరగతి ఇళ్ల నుంచి ఎంచుకుని, వారి జీవితకథలకు ఆటతో సమానంగా సమయం ఇచ్చింది. స్టార్ వదులుకున్నది సోనీకి అప్పటినుంచీ ప్రధాన కార్యక్రమం.

దక్షిణాదిలో తమిళం, కన్నడం, మలయాళం రూపాలు 2012లో మొదలయ్యాయి. తెలుగు రూపం ఆలస్యంగా, 2014 జూన్ 9న, మా టీవీలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ పేరుతో నాగార్జున వ్యాఖ్యాతగా వచ్చింది. మూడు సీజన్ల తర్వాత, ఛానల్ స్టార్ చేతికి వెళ్లాక, 2017లో నాలుగో సీజన్‌ను చిరంజీవి నిర్వహించారు. ఆ తర్వాత అక్కడ ఆట ఆగిపోయింది. నాలుగేళ్లకు, 2021 ఆగస్టులో, జెమిని టీవీ దాన్ని ‘ఎవరు మీలో కోటీశ్వరులు’గా జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలుపెట్టింది. ఆ ఏడాది నవంబర్‌లో తెలంగాణకు చెందిన ఒక సబ్-ఇన్‌స్పెక్టర్ 15 ప్రశ్నలూ దాటి కోటి రూపాయలు గెలిచాడు.